రాత్రికి ఎంతమంది?

జూన్ 1, ఆదివారం (ఇంకా మొదలు పెట్టలేదు)

మే నెల ఇంటి ఖర్చు లెక్కకట్టాను. బ్యాంకు వివరాలు, కిరాణా చీటీలు, ఫోనులో ఆర్డర్ల జాబితా ముందు వేసుకుని రెండు గంటలు కూర్చుంటే తేలిన మొత్తం 27,850 రూపాయలు. ఒక్క తిండికే. కిరాణా 7,900, కూరగాయలు పండ్లు 5,200, పాలు పెరుగు 3,600, మాంసం చేపలు గుడ్లు 3,100, ఫోను నొక్కి అప్పటికప్పుడు తెప్పించిన సరుకులు 4,350, బయటి నుంచి తెప్పించిన భోజనాలు 3,700.

పదిహేడేళ్లుగా ఆఫీసులో ఇతరుల చిట్టా ఆవర్జాలు సరిచూసి బతుకుతున్నవాడిని. నా ఇంటి చిట్టా చూసింది ఇదే మొదటిసారి. కాగితం తీసుకెళ్లి మా ఆవిడకు చూపించాను. చూపించిన తీరు బాగోలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

"వండేది నేను, తనిఖీ మీరా?" అంది. "ఒక పని చేయండి. రెండు నెలలు రాత్రి వంట మీరే చూసుకోండి. ఏం కొనాలి, ఏం వండాలి, మిగిలింది ఏం చేయాలి, అన్నీ మీరే. నాకు ఆదా అక్కరలేదు. తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఏం వండాలా అని ఆలోచించకుండా ఉంటే చాలు."

అలా మొదలైంది ఈ డైరీ. ఇల్లు కూకట్‌పల్లిలో, రెండు పడక గదుల ఫ్లాటు. మనుషులం ఐదుగురం. అమ్మకు డెబ్బై ఒకటి, చక్కెర జబ్బు ఉంది కనుక రాత్రిపూట రెండు పుల్కాలే. మా ఆవిడ రోగనిర్ధారణ ల్యాబులో పని చేస్తుంది, ఆమెకు ఒక వారం పగటి షిఫ్టు, మరో వారం మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి తొమ్మిది వరకు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నవాడు నాలుగు. నేను ఏడింటికి ఇల్లు చేరతాను. వంట బొత్తిగా రానివాడిని కాను. కానీ ఆదివారం కోడికూర వండి చప్పట్లు కొట్టించుకోవడం వేరు, మంగళవారం రాత్రి వండడం వేరు.

జూన్ 2 నుంచి 8 వరకు. మొదటి వారం

ఈ వారం ఏమీ మార్చకూడదని నిర్ణయం. కొలవడమే. ఏడు వందలకు చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను (ఆదా చేసే పనిలో మొదటి పద్దు ఖర్చే). గట్టు మీద రెండు స్టీలు గిన్నెలు. ఒకదానిలో తొక్కలు, తొడిమలు, మామిడి టెంకలు, ఎముకలు. రెండో దానిలో మనిషి తినగలిగి ఉండి కూడా పారేసినవి. రెండో గిన్నెకు అమ్మ ఆ రోజే పేరు పెట్టేసింది: కుడితి గిన్నె.

తెనాలి పక్క మా ఊళ్లో దొడ్డి గుమ్మం దగ్గర కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరల తొక్కలు, పిల్లలు వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే. సాయంత్రం గేదె వచ్చి ఖాళీ చేసేది. పారేయడం అన్న మాట ఆ ఇంట్లో నేను విన్న గుర్తు లేదు. ఇక్కడ సింకు కింద మూత ఉన్న బుట్ట, అందులో నల్ల సంచి, పొద్దున్నే చెత్త బండి. ఎంత పోతోందో చూసే గేదె కూడా లేదు.

వారం చివర లెక్క: కుడితి గిన్నె మొత్తం 4.7 కిలోలు. అన్నం 2.1, వండకుండానే కుళ్లినవి, వాడినవి 1.2, మిగిలిపోయిన పప్పు, కూరలు 0.8, పెరుగు, పాలు, రొట్టె ముక్కలు 0.6. తొక్కల గిన్నె ఇంకో 3.8.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదికలో మన దేశంలో ఇళ్ల నుంచి పోయే ఆహారం మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా కట్టారు. ఆ లెక్కలో తొక్కలూ ఎముకలూ కలిసే ఉంటాయి. ఐదుగురికి వారానికి ఐదు కిలోల చిల్లర అవుతుంది. మాది ఎనిమిదిన్నర. మామిడిపళ్ల వారం కదా అని సర్దిచెప్పుకోవచ్చు. టెంకలు తీసేసి చూసినా మేము సగటు కిందికి దిగలేదు.

ఆదివారం మృగశిర కార్తె. చేపల మార్కెట్టులో కాలు పెట్టే చోటు లేదు. కొర్రమీను ధర విని పక్కకు జరిగి బొచ్చె కిలోన్నర తెచ్చాను. పులుసు బాగా కుదిరింది. కుడితి గిన్నెలో ఆ రోజు ముళ్లు కూడా పడలేదు, అవి తొక్కల గిన్నెలోకి వెళ్లాయి.

జూన్ 10, మంగళవారం

రోజుకు సగటున మూడు వందల గ్రాముల అన్నం ఎందుకు మిగులుతోందో ఈ రోజు పట్టుబడింది.

మా ఇంట్లో బియ్యం మూడు చేతులు మారుతుంది. ఆరింటికి అమ్మ కొలిచి, కడిగి, నానబెడుతుంది. కొలిచాక "ఎవరైనా వస్తే" అని ఒక గుప్పెడు. మా ఆవిడ ఇంట్లో ఉంటే గిన్నె వంక చూసి, చాలదేమోనని ఇంకో గుప్పెడు. కుక్కర్ పెట్టేది నేను. పిల్లలు ఎదిగే వయసు అనుకుని నేనూ ఒక గుప్పెడు. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం, రాని ఒకే చుట్టానికి మూడు సార్లు వండుతున్నాం.

గుప్పెళ్లను త్రాసు మీద పెట్టి చూశాను. అమ్మది 50 గ్రాములు, మా ఆవిడది 55, నాది 75. మొత్తం 180 గ్రాముల బియ్యం. ఉడికితే దాదాపు అర కిలో అన్నం. కొంత పొద్దున అమ్మ పెరుగులో కలుపుకుంటుంది, కొంత చిన్నవాడికి తాలింపు అన్నం అవుతుంది, మిగిలింది కుడితి గిన్నెలోకి. చెప్పకుండా చివరిసారి చుట్టాలు ఎప్పుడు వచ్చారని అడిగితే అమ్మ చాలాసేపు ఆలోచించి "సంక్రాంతికి ముందు" అంది.

"అలాగని సరిగ్గా కొలిచి వండుతావా ఇంట్లో?" అంది. ఆ మాటలో అభ్యంతరం లేదు, భయం ఉంది. నలుగురు వచ్చి పోయే ఇంట్లో పెరిగిన మనిషికి అడుగంటిన అన్నం గిన్నె అవమానం. కాబట్టి గుప్పెడు తీసేయమని నేను చెప్పలేదు. ఆ గుప్పెడు వండకుండా ఉంచుదాం అన్నాను. ఒక గాజు సీసాలో బొంబాయి రవ్వ, ఇంకో దానిలో వేయించిన సేమ్యా, పక్కన ఒక డబ్బాలో జీడిపప్పు నాలుగు పలుకులు. పేరు చుట్టాల డబ్బా. ఎవరు తలుపు తట్టినా పది నిమిషాల్లో ఉప్మా. అమ్మ ఒప్పుకుంది. "చుట్టాలకు ఉప్మానా" అని మా పెద్దది ముఖం చిట్లించింది. దాని అభిప్రాయం పద్దులో వేసుకున్నాను.

ఇప్పటి నుంచి బియ్యం కొలిచే అధికారం అమ్మ ఒక్కరిదే. తలకు 90 గ్రాములు. గ్రాములన్నది నా లెక్క, ఆమె పాత సోలకు లోపల పెన్సిలుతో గీత గీశాను.

జూన్ 14, శనివారం

మరో లెక్క వేశాను, కాస్త దిమ్మ తిరిగింది. మొదటి వారంలో పారేసిన 2.1 కిలోల అన్నం అంటే దాదాపు 750 గ్రాముల బియ్యం, అంటే 45 రూపాయలు. కుడితి గిన్నె మొత్తానికి వెల కడితే 340. అదే వారం రెండు రాత్రులు బయటి నుంచి భోజనం తెప్పించినందుకు 980.

బరువు చూస్తే దోషి అన్నం, డబ్బు చూస్తే వేరేవాడు. ఆ రెండు రాత్రులూ ఇంట్లో వండిన కూర ఉంది. ఒక రోజు నాకు ఆఫీసులో ఆలస్యమై, అమ్మ మోకాళ్ల నొప్పితో పడుకుంటే, ఫ్రిజ్‌లో ఏముందో చూడకుండానే పెద్దది ఆర్డర్ పెట్టేసింది. ఇంకో రోజు మా ఆవిడ తొమ్మిదింటికి ఆకలితో వస్తుందని నేనే తెప్పించాను. ఆమె క్యాంటీన్‌లో ఏడింటికే తినేసిందట. తెప్పించింది మర్నాడు కుడితిలోకి, ఇంట్లో వండింది ఆ మర్నాడు.

జూన్ 16 నుంచి 22 వరకు. మూడో వారం

వారం మొత్తానికి మెనూ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. గీతలు గీసి, రంగులు వేసి. మంగళవారానికే చిరిగింది. బుధవారం బెండకాయ వేపుడు అని రాసి ఉంది, తెచ్చిన బెండకాయలు అప్పటికే ముదిరి, కొనలు నల్లబడ్డాయి. గురువారం పాలకూర పప్పు, ఆకు పసుపు పచ్చగా మారి కూర్చుంది. కూరగాయలకు మన పట్టిక తెలియదు.

కాబట్టి వంటకాల పేర్లు తీసేసి వాడిపోయే వరుస రాశాను. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్తాను. అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది కనుక బేరం ఆడే బాధ లేదు (బేరం నాకు రాదు, ఇంట్లో అందరికీ తెలుసు). 1999లో రైతు బజార్లు మొదలైన కొత్తలో నాన్న వారానికోసారి సంచి పట్టుకుని బయలుదేరేవారు, ఆ అలవాటు నాకు ఇన్నాళ్లకు వచ్చింది. తెచ్చినవాటిలో ఆదివారం, సోమవారం ఆకుకూరలు: తోటకూర, పాలకూర, చుక్కకూర. మంగళవారం బెండ లేదా వంకాయ. బుధవారం బీర లేదా సొర. గురువారం దొండ, క్యాబేజీ. శుక్రవారం దుంపలు: చేమ, కంద, బంగాళాదుంప. శనివారం ఊడ్పు, అంటే మిగిలిన ముక్కలన్నీ కలిసి సాంబారులోకో పులుసులోకో. ఒక వంకాయ, అర మునక్కాయ, రెండు బెండకాయలు, గుప్పెడు చిక్కుడు. మా ఇంట్లో అన్నిటికన్నా రుచిగా ఉన్నది శనివారం పులుసేనని చిన్నవాడు ప్రకటించాడు. మళ్లీ అదే కావాలంటే ఎలా చేయాలో నాకే తెలియదు.

పప్పు మాత్రం రెండు రోజులకు ఒకేసారి. ఆదివారం కుక్కర్‌లో కందిపప్పు ముప్పావు గ్లాసు అదనంగా ఉడికించి, ఉప్పూ పులుపూ వేయకముందే సగం తీసి ఫ్రిజ్‌లో పెడతాను. మిగతా సగంలో ఆకుకూర. సోమవారం ఆ తీసిపెట్టిన ముద్దకు చింతపండు రసం, ఉల్లిపాయ, పోపు తగిలిస్తే పప్పుచారు. సోమవారం సాయంత్రం ఇల్లు చేరిన ఇరవై ఐదు నిమిషాలకు కంచాలు పెట్టాను. మా ఆవిడ గడియారం చూసింది. ఏమీ అనలేదు.

దోశల పిండికీ ఇలాగే. అమ్మ రుబ్బిన రోజు ఇడ్లీ, మర్నాడు దోశ, మూడో రోజు పులిసిన పిండిలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి కలిపి ఊతప్పం. ఇంకా మిగిలితే కాస్త మైదా చేర్చి పునుగులు. పునుగులు వేసిన రోజు నూనె ఖర్చు చూడకూడదు.

ఈ వారం కుడితి గిన్నె 2.6. రెండో వారం 3.9 అని రాయడం మరిచాను.

జూన్ 19, గురువారం

అమ్మకూ నాకూ అన్నం మీద వాదన. మిగిలిన అన్నాన్ని ఆమె గిన్నెలోనే గట్టు మీద మూతపెట్టి ఉంచుతుంది. పొద్దున చద్ది. డెబ్బై ఏళ్లు తిన్నాను, ఏమైంది అంటుంది.

నేను చదివింది చెప్పాను. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మేల్కొని పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పరచి, త్వరగా చల్లార్చి, గంట రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడే తినేయాలి, ఒక్కసారే వేడి చేయాలి. "మా రోజుల్లో నీళ్లు పోసి ఉంచేవాళ్లం, కుండ కిటికీలో ఉండేది" అంది. కిటికీ లేని మా వంటగదిలో జూన్ నెల రాత్రి ఎంత ఉక్కగా ఉంటుందో ఆమెకూ తెలుసు. రాజీ కుదిరింది: పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం నా పని, పొద్దున తీసి మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకోవడం ఆమె పని. చల్లటిది నోటికి తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయని రోజూ ఫిర్యాదు. పద్దులో వేసుకున్నాను.

జూన్ 26, గురువారం

ఇప్పటి వరకు చేసిన వాటిలో బాగా పని చేసింది ఇదే, దీనికి వంటతో సంబంధం లేదు. రోజూ నాలుగు గంటలకు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పెడుతున్నాను: "రాత్రికి ఎంతమంది?"

ఐదు రోజులు చూస్తే తెలిసిందేమిటంటే, మేము ఐదుగురం కాదు. అన్నం తినేవాళ్లు ఒక రోజు నలుగురు, ఒక రోజు ఇద్దరు. పెద్దది ట్యూషన్ ఉన్న మూడు రోజులూ ఎనిమిదింటికి స్నేహితురాళ్లతో ఏదో తినే వస్తుంది, ఇంట్లో కంచం ముందు కూర్చుని కెలుకుతుంది. రాత్రి షిఫ్టు వారంలో మా ఆవిడకు కూర అక్కరలేదు, గుప్పెడు పెరుగన్నం, ఒక ఊరమిరపకాయ చాలు. పెళ్లయిన పదహారేళ్లకు ఈ సంగతి నాకు నాలుగు గంటల ప్రశ్న వల్ల తెలిసింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంటే "ఇన్నాళ్లూ ఎవరు అడిగారు?" అంది.

ఇంటర్నెట్‌లో చూసిన ప్రణాళికలన్నీ ఏం వండాలన్న దగ్గర మొదలవుతాయి. నాకు ఆ ప్రశ్న రెండోది అనిపిస్తోంది. నాలుగింటికి సంఖ్య తెలిస్తే ఏడింటికి వంట దానంతట అదే చిన్నదైపోతుంది. ముగ్గురికి పులిహోర చాలు, ఇద్దరికి రెండు గుడ్ల పొరటు, చారు చాలు. ఐదుగురి కోసం వండి ఇద్దరం తిన్న రోజులే మాకు కుడితి తెచ్చిపెట్టాయి. ఇద్దరి కోసం అనుకుని నలుగురం కూర్చున్న రోజులే బయటి భోజనం తెచ్చిపెట్టాయి.

ఆషాఢం వచ్చింది. అపార్టుమెంటు వెనక మునగచెట్టు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ నెలలో మునగాకు తినాలని అమ్మ పట్టు. వాచ్‌మన్ భార్య, మేము చెరి సగం కోసుకున్నాం. పప్పులో వేశాను. పైసా ఖర్చు లేదు, ఆకు దూయడానికి ముప్పావు గంట.

జూలై 1, మంగళవారం

ఇక్కడ పరువు పోయిన సంగతి. ఆదివారం టమాటా ధర తక్కువగా కనిపించింది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఇంట్లో టమాటాలను బంగారంలా లెక్కపెట్టిన జ్ఞాపకం ఇంకా పోలేదు. ఐదు కిలోలు కొనేశాను. నిల్వ పచ్చడి పెడితే ఆరు నెలలు చూసుకోనక్కరలేదని ధీమా.

"ఈ ముసురులో పచ్చడి ఏమిట్రా?" అంది అమ్మ. ముక్కలు ఉప్పులో ఊరాక ఎండలో పెట్టాలి, ఎండ ఏది? నేను బాణలిలో మగ్గించి నీరు ఇగిరిస్తే సరిపోతుందన్నాను. ఇగిరింది అనుకున్నాను. సీసా తడి ఆరిందనీ అనుకున్నాను. నూనె తక్కువ పోశాను, ఎందుకంటే నేను పొదుపులో ఉన్నాను.

జూలై 5, శనివారం

మూత తీస్తే తెల్లటి బూజు. పైన తీసేసి వాడదామా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. బూజు పైకి కనిపించినంత మేరే ఉండదు, తడి పదార్థంలో లోపలికీ దిగుతుంది. 1.6 కిలోల పచ్చడి, పచ్చడికి పెట్టక బుట్టలో మెత్తబడిన టమాటాలు ఇంకో 1.1. కారం, మెంతిపిండి, నూనె ఖర్చు విడిగా. ఈ వారం కుడితి గిన్నె 4.3 కిలోలు, మొదటి వారానికి కాస్త తక్కువ. నెల రోజుల పని ఒక్క చవక బేరంలో పోయింది.

అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నియమం రాసుకున్నాను: ధర తగ్గిందని కొనేది వారంలో తినగలిగినంతే. ఉల్లిపాయలు రెండు కిలోలు, వానాకాలంలో అంతకు మించి వద్దు. వాటిని బంగాళాదుంపల పక్కన పెట్టవద్దు, రెండూ చెడతాయి.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. అమ్మ ఉపవాసం. ఎదురింటివారు పేలపిండి ఇచ్చారు. రాత్రికి నలుగురం.

జూలై 7 నుంచి 13 వరకు. ఆరో వారం

ఫోను ఆర్డర్ల సంగతి. మే నెలలో 23 సార్లు. ప్రతిదాన్నీ విప్పి చూశాను. కావలసింది ఒక్క కొత్తిమీర కట్ట, లేదా అర లీటరు పాలు. డెలివరీ రుసుము తప్పించుకోవడానికి చిప్స్, బిస్కెట్లు, ఎవరూ అడగని చీజ్ డబ్బా. 20 రూపాయల కొత్తిమీర 210 అయింది. రైతు బజారులో కూరలమ్మే ఆమె కరివేపాకు, కొత్తిమీర కొసరుగా వేస్తుంది, డబ్బు పుచ్చుకోదు. ఆ కొసరును సరిగ్గా దాచలేక మళ్లీ డబ్బు పెట్టి కొంటున్నాం.

దాచడం నేర్చుకున్నాను. కొత్తిమీర వేర్లు కోసి, కడగకుండా, పాత నూలు గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే వారం నిలిచింది. కరివేపాకు కడిగి, బాగా ఆరబెట్టి, రెబ్బలు దూసి పెట్టాలి. పచ్చిమిర్చికి తొడిమలు తీసేయాలి. అల్లం వెల్లుల్లి ముద్ద వారానికోసారి, కాస్త నూనె, ఉప్పు వేసి. ఇవన్నీ ఆదివారం మధ్యాహ్నం నలభై నిమిషాల పని, చిన్నవాడు తొడిమలు తీస్తాడు, తొడిమకు పైసా అడిగి చివరకు ఒక కథకు ఒప్పుకున్నాడు.

ఫ్రిజ్ పై అరలో ఒక స్టీలు పళ్లెం పెట్టాను, దాని పేరు "ముందు ఇవి". సగం కోసిన ఉల్లిపాయ, నిన్నటి కూర, పులిసిన పెరుగు, అన్నీ అందులోకే. వంట మొదలు పెట్టేముందు ఆ పళ్లెం బయటకు తీయాలి. పులిసిన పెరుగు కనబడితే ఆ రాత్రి మజ్జిగ పులుసు. బీరకాయ తొక్కు కనబడితే పచ్చడి. (తొక్కల గిన్నె బరువు తగ్గడం మొదలైంది ఇక్కడే. ఇన్నాళ్లూ నేను తొక్క అని తీసిపారేసింది అమ్మ దృష్టిలో రేపటి పచ్చడి.) రెండు చెంచాల దొండకాయ వేపుడు మర్నాడు చిన్నవాడి డబ్బాలో పరాఠా లోపల దాక్కుంది. వాడు కనిపెట్టాడు, అయినా తిన్నాడు.

ఆదివారం కోడికూర కిలో నుంచి అర కిలోకు తగ్గింది, బంగాళాదుంపలు రెండు చేరాయి. పిల్లలు దుంపల కోసమే కొట్టుకుంటున్నారు.

శనివారం 12న నాకు ఒళ్లు బాగోలేదు. కూరగాయలున్నా కోసే ఓపిక లేక చుట్టాల డబ్బాలోంచి రవ్వ తీసి ఉప్మా చేశాను. బయటి భోజనం తెప్పించకుండా గట్టెక్కిన రాత్రి అని గొప్పగా రాసుకున్నాను. కుడితి 1.4.

జూలై 20, ఆదివారం

పాతబస్తీలో సహోద్యోగి ఇంట్లో బోనాలు. అందరం వెళ్లాం. తిరిగి వచ్చేసరికి రాత్రి అయింది, రైతు బజారు ప్రయాణం తప్పింది. కిందటి వారం మిగిలినవాటితో మూడు రోజులు నడిపాను: సొరకాయ ముక్క, కంద, అర గుమ్మడికాయలో ఒక చెక్క. ఏమీ కొనకుండా మూడు రాత్రులు గడుస్తాయని నాకు తెలియదు. ప్రతి ఆదివారం తప్పనిసరిగా కొనాలనుకోవడం కూడా నేను పెట్టుకున్న ఇంకో గుప్పెడేనేమో.

జూలై 24, గురువారం

తొమ్మిది దాటింది. కంచాలు కడిగేశాం. తలుపు తట్టిన చప్పుడు.

పెద్దమ్మ కొడుకు, వదిన, వాళ్ల అబ్బాయి. అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, రేపు కాలేజీలో చేరాలి. దారిలో అన్నయ్య ఫోను ఛార్జింగ్ అయిపోయింది, బస్సు రెండు గంటలు ఆలస్యం. నాలుగు గంటల ప్రశ్నకు అందని ముగ్గురు.

అమ్మ నా వైపు చూసింది. నేను ధైర్యంగా చుట్టాల డబ్బా దించాను. రవ్వ అడుగున రెండు గుప్పెళ్లు. పన్నెండో తేదీన తీసినవాడిని నింపలేదు. సేమ్యా సీసా పూర్తిగా ఖాళీ, అది ఎవరి పనో ఇప్పటికీ తేలలేదు, చిన్నవాడి మీద అనుమానం.

అమ్మ ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. "కాళ్లు కడుక్కోండి, ఎంతసేపు" అంటూ సోల అందుకుంది. గీత దాకా మూడు సోలలు, పైన ఒక గుప్పెడు. ఆ గుప్పెడు వేసేటప్పుడు నా వంక చూసింది. నేను కుక్కర్ పెట్టాను. "ముందు ఇవి" పళ్లెంలో రేపటికని తీసిపెట్టిన ముద్దపప్పు, పులిసిన పెరుగు ఉన్నాయి. పెరుగు మజ్జిగ పులుసైంది. వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీ దిగింది, నెయ్యి వచ్చింది. మా ఆవిడ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి నాలుగు అప్పడాలు కాల్చింది. ముప్పై ఐదు నిమిషాలు. ఆవకాయ ముద్దపప్పు కలిపిన మొదటి ముద్దకే అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. గిన్నె అడుగు కనబడింది, సరిగ్గా సరిపోయింది. ఆ గుప్పెడు లేకపోతే వదినకు చాలేది కాదు.

జూలై 27, ఆదివారం

నెల ఇంకా నాలుగు రోజులుంది, ఆ రోజుల పాలు, కూరలు అంచనా వేసి కలిపితే: కిరాణా 7,400, కూరగాయలు పండ్లు 4,300, పాలు పెరుగు 3,300, మాంసం చేపలు గుడ్లు 2,600, ఫోను సరుకులు 1,250, బయటి భోజనం 1,900. మొత్తం 20,750. మే నెలతో తేడా 7,100. అయితే మేలో మామిడిపళ్లకే 1,100 పోయింది, అది ఎవరినీ తప్పు పట్టే ఖర్చు కాదు. కాబట్టి నిజమైన తగ్గుదల ఆరు వేలు అని రాసుకుంటున్నాను. అందులో నాలుగు వేల తొమ్మిది వందలు ఆఖరి రెండు పద్దుల నుంచే వచ్చాయి. చవక ధరల వేటలో మిగిల్చింది చాలా తక్కువ, టమాటాల పుణ్యమా అని.

కుడితి గిన్నె ఎనిమిదో వారం 0.9. అందులో సగం చిన్నవాడు వదిలేసిన కాకరకాయ. దానికి మందు నా దగ్గర లేదు.

మా ఆవిడ కాగితం చూసి, బాగానే ఉంది, ఇంకో రెండు నెలలు కానివ్వండి అంది. ఇది బహుమతో శిక్షో తెలియలేదు.

చుట్టాల డబ్బా నింపాను. మూత మీద "తీసినవారు నింపాలి" అని కాగితం అంటించాను, కింద నా సంతకం. శ్రావణం వచ్చేసింది, అమ్మ నెలంతా మాంసం ముట్టదు, శుక్రవారాలు ఒంటిపూట. అంటే లెక్క మళ్లీ మారుతుంది.

గుమ్మడికాయలో ఇంకా ఒక ముక్క ఉంది. రోజూ చూస్తున్నాను, ఇంకా పాడవలేదు. రేపు దానికి పులుసు యోగం. రేపటి ప్రశ్న ఈ రాత్రే పెట్టేశాను. అమ్మ పుల్కాలు అంది, చిన్నవాడు ఉంటాడు, మా ఆవిడకు పెరుగన్నం. పెద్దది సందేశం చూసింది, ఇంకా జవాబు ఇవ్వలేదు.